‘వడదెబ్బ’ అని రాయని మరణాలు

2010 మే 21న అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నగరంలో మే నెలలో మామూలుగా రోజుకు నూరుమంది దాకా చనిపోతుంటారు. ఆ ఒక్క రోజున 310 మంది చనిపోయారు. వాళ్లలో ‘వడదెబ్బ’ అని కారణం రాయించుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. మిగిలిన మరణాలు గుండెపోటు, పక్షవాతం, ఆయాసం, కిడ్నీ జబ్బు, వృద్ధాప్యం వంటి పేర్ల కింద రిజిస్టర్లలో సర్దుకుపోయాయి.

తరవాత గాంధీనగర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ పరిశోధకులు, వాళ్లతో కలిసిన విదేశీ విశ్వవిద్యాలయాలవాళ్లు మునిసిపల్ మరణాల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. చావుకు ఏం కారణం రాశారో చూడలేదు. ఏ రోజున ఎందరు పోయారో మాత్రమే లెక్కపెట్టారు. ఆ మే నెలలో 4,462 మంది చనిపోయినట్టు తేలింది. దానికి ముందు ఏడాది, తరవాతి ఏడాది మే నెలలతో పోలిస్తే ఇది 1,344 ఎక్కువ. అంటే నూటికి 43 మంది అదనం. ఆ నెలలో ఊళ్లో భూకంపం రాలేదు, అంటువ్యాధి రాలేదు. వచ్చింది ఎండ ఒక్కటే.

ఈ అధ్యాయం ఆ 1,344 అనే అంకె గురించి. దాన్ని ఒక్క వైద్యశాస్త్రం పట్టుకోలేదు, ఒక్క వాతావరణశాస్త్రమూ పట్టుకోలేదు. వాతావరణ కేంద్రానికి ఎంత ఎండ కాసిందో తెలుసు కానీ ఎవరు పోయారో తెలియదు. డాక్టరుకు పోయిన మనిషి తెలుసు కానీ అదే పూట నగరమంతటా ఎందరు పోయారో తెలియదు. మునిసిపల్ గుమాస్తా దగ్గర అందరి పేర్లూ ఉన్నాయి, ఎందుకు పోయారన్నది లేదు. వాతావరణ మార్పు మీద ఇప్పుడు జరుగుతున్న పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది వీళ్లందరినీ ఒక చోట కూర్చోబెట్టిన ఈ పనే.

ఇంతకీ డాక్టర్లు తప్పు రాశారా? లేదు. ఎండ మనిషి మీద ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

మన ఒంట్లో వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. అది 40 దాటి, మనిషి మగతలో పడి, మాట తడబడితే దాన్ని వడదెబ్బ అంటారు. అది పోల్చుకోదగ్గ జబ్బే. కానీ చాలామంది అక్కడిదాకా వెళ్లకుండానే పోతారు. బయట వేడెక్కగానే శరీరం రక్తాన్ని చర్మం వైపు తోలుతుంది, లోపలి వేడి బయటికి పోవాలని. తీవ్రమైన వేడిలో ఒక్క చర్మానికే నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల రక్తం అందించాల్సి రావచ్చు. అంటే గుండె కూర్చున్నచోటే పరుగు పందెంలో ఉన్నట్టు కొట్టుకోవాలి. మరోపక్క చెమట రూపంలో నీరు పోతూ రక్తం చిక్కబడుతుంది, కిడ్నీలకు అందే రక్తం తగ్గుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు దీన్ని తట్టుకుంటాడు. అప్పటికే గుండె బలహీనపడ్డ అరవై ఏళ్ల మనిషి రెండోరోజు రాత్రో మూడోరోజు తెల్లవారుజామునో కుప్పకూలతాడు. కారణం గుండెపోటు అని డాక్టరు రాస్తాడు. అది అబద్ధం కాదు. ఆ గుండెను ఆ పూటే ఆపినది ఏమిటన్నది మాత్రం ఆ కాగితం మీదకు రాదు. దీనికి మందుల సంగతి కూడా కలుస్తుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీరు తగ్గిస్తాయి, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు చెమట పట్టనివ్వవు. ఆ మందులు వాడేవాళ్లకు ఎండాకాలంలో ఈ మాట చెప్పే డాక్టర్లు ఇంకా తక్కువే.

చెమట గురించి ఇంకొంచెం చెప్పాలి. చెమట కారడం వల్ల ఒళ్లు చల్లబడదు, అది ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ పద్ధతిలోనే. మబ్బుపట్టి ఉక్కపోసే రోజున కుండనీళ్లు చల్లబడకపోవడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. గాలిలో తేమ నిండితే ఆవిరికి చోటుండదు. అందుకే శాస్త్రవేత్తలు ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచే ‘తడిబల్బు’ ఉష్ణోగ్రతను చూస్తారు. అది 35 డిగ్రీలకు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా నీడలో ఊరికే కూర్చుని కూడా కొన్ని గంటలకు మించి బతకలేడని 2010లో స్టీవెన్ షెర్వుడ్, మాథ్యూ హ్యూబర్ సిద్ధాంతరీత్యా లెక్కగట్టారు. పదేళ్లు దాటాక పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మనుషుల మీద జాగ్రత్తగా ప్రయోగం చేసి చూస్తే, తేమ గాలిలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకే సుమారు 31 దగ్గర శరీరం అదుపు తప్పడం మొదలైంది. సిద్ధాంతం చెప్పిన హద్దుకు ఇది నాలుగు డిగ్రీలు ఇవతల. ముసలివాళ్లకు, మూటలు మోసేవాళ్లకు ఆ హద్దు ఇంకా ఇవతలే ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ లెక్కల దగ్గరికి వద్దాం. మామూలుగా పోవాల్సినవాళ్లు ఎందరో అంచనా కట్టి, నిజంగా పోయినవాళ్లలోంచి తీసేయడం వినడానికి సులువుగానే ఉంటుంది. చేసేటప్పుడు జనాభా పెరిగిందా, నమోదు ఆలస్యమైందా, జ్వరాలు ప్రబలాయా అన్నీ చూసుకోవాలి. అన్నిటికంటే గట్టిగా వచ్చే ఆక్షేపణ ఒకటుంది: ఎలాగూ పోబోయే ముసలివాళ్లే నాలుగు రోజుల ముందు పోయారని. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. దాన్ని పరీక్షించే దారి గణాంకశాస్త్రంలో ఉంది. నాలుగు రోజుల ముందు పోయినట్టయితే తరవాతి వారాల్లో మరణాలు మామూలు కంటే తగ్గాలి. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు 15 వేలమంది అదనంగా చనిపోయారు. యూరప్ మొత్తం మీద ఆ వేసవి అదనపు మరణాలు 70 వేలు దాటాయి. ఆ తరవాతి నెలల ఫ్రెంచి మరణాల లెక్కలు తిరగేసినప్పుడు పూడ్చదగినంత తగ్గుదల కనబడలేదు. పోయినవాళ్లలో చాలామందికి ఇంకా ఆయుష్షు మిగిలే ఉంది.

ఈ లెక్క రాజకీయంగా ఎంత ఇబ్బంది పెడుతుందో షికాగోవాళ్లు 1995లోనే చూశారు. ఆ జులైలో ఆ నగరంలో ఎండ 41 డిగ్రీలకు చేరింది. గాలిలో తేమ విపరీతం. శవాలను ఉంచడానికి చోటు చాలక శీతల లారీలు తెప్పించారు. ఇవి వేడి వల్ల జరిగిన మరణాలని కుక్ కౌంటీ వైద్య పరీక్షాధికారి ఎడ్మండ్ డోనహ్యూ చెబితే నగర మేయరు రిచర్డ్ డేలీ బహిరంగంగానే సందేహించాడు. చివరికి అదనపు మరణాలు 739 అని తేలింది. డోనహ్యూ లెక్కలో అతిశయోక్తి ఏమీ లేదు.

అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం వాళ్లు అక్కడికి వచ్చి, చనిపోయినవాళ్లనూ అదే వీధిలో బతికి బయటపడ్డవాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒంటరిగా ఉండేవాళ్లు, మంచం పట్టినవాళ్లు, రోజూ గడప దాటనివాళ్లు ఎక్కువగా పోయారు. ఇంట్లో ఏసీ ఉన్నవాళ్లు, ఎక్కడికైనా వెళ్లే వాహన సౌకర్యం ఉన్నవాళ్లు, నలుగురితో రాకపోకలున్నవాళ్లు బతికారు. ఇది ఎపిడెమియాలజీ (వ్యాధుల వ్యాప్తి శాస్త్రం) పద్ధతి. అది ‘ఎవరు’ అన్నదానికి సమాధానం చెప్పి ఆగింది.

‘ఎందుకు’ అన్న ప్రశ్న పట్టుకుని వెళ్లినవాడు ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజికశాస్త్రవేత్త. 2002లో వెలువడిన ఆయన పుస్తకం ‘హీట్ వేవ్’లో రెండు పేటల కథ ఉంటుంది. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ పక్కపక్క పేటలు. రెండిట్లోనూ బీదవాళ్లే, రెండిట్లోనూ ఒంటరి వృద్ధులున్నారు, ఎండ ఒకటే. కానీ నార్త్ లాండేల్‌లో లక్షకు 40 మంది పోతే సౌత్ లాండేల్‌లో నలుగురు. క్లైనెన్‌బర్గ్ ఆ వీధుల్లో తిరిగి చూశాడు. నార్త్ లాండేల్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, దుకాణాలు పోయాయి, పాడుబడ్డ ఇళ్లు మిగిలాయి. బయటికి రావాలంటే ముసలివాళ్లకు భయం, వచ్చినా వెళ్లడానికి చోటు లేదు. సౌత్ లాండేల్ వీధులు మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలతో, అంగళ్లతో, జనంతో కిటకిటలాడుతుంటాయి. అక్కడి వృద్ధులు వేడికి తాళలేక చల్లగా ఉన్న దుకాణాల్లోకి వెళ్లి కూర్చున్నారు. వాళ్లు కనబడకపోతే అడిగేవాళ్లున్నారు. ఇది జాతిని బట్టి వచ్చిన తేడా అనడానికీ లేదు. నార్త్ లాండేల్ లాగే నల్లవాళ్లు నివసించే ఆబర్న్ గ్రెషమ్ అనే పేటలో వీధులు సజీవంగా ఉన్నందుకు మరణాలు బాగా తక్కువ. ఉష్ణోగ్రతల పటంలో ఈ మూడు పేటలకూ ఒకటే రంగు వేస్తారు.

అహ్మదాబాద్‌కు తిరిగి వస్తే, మరణాల లెక్క చేతికి వచ్చాక ఆ నగరపాలక సంస్థ దాన్ని దాచిపెట్టలేదు. ఇది మెచ్చుకోవలసిన సంగతి. దిలీప్ మావలంకర్ నాయకత్వంలోని గాంధీనగర్ సంస్థ, అమెరికాలోని జార్జియా టెక్, ఎమరీ విశ్వవిద్యాలయాలు, నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ కలిసి నగరపాలక సంస్థతో 2013లో ఒక వేడి కార్యాచరణ ప్రణాళిక తయారు చేయించాయి. దక్షిణాసియాలో అదే మొదటిది. అందులో జార్జియా టెక్ వాతావరణ శాస్త్రవేత్త పీటర్ వెబ్‌స్టర్ బృందం వారం రోజుల ముందే ఎండ ఎంత ఉండవచ్చో అంచనా ఇచ్చేది. ఎండ ఏ హద్దు దాటితే ఏ రంగు హెచ్చరిక అన్నది మాత్రం మరణాల లెక్క చూసి పెట్టారు: 41 దాటితే పసుపు, 43 దాటితే నారింజ, 45కి చేరితే ఎరుపు. మామూలుగా వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు ఉండి, సగటు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటుంది. ఆ నిర్వచనం గాలికి సంబంధించింది. అహ్మదాబాద్ హద్దులు ఆ ఊరి మనుషులకు సంబంధించినవి.

ఆ పనిలో ఒక చిన్న అధ్యయనం ఉంది. దాని గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నగరంలోని శారదాబెన్ ఆసుపత్రిలో పసికందులను ఎండ సంబంధిత లక్షణాలతో చేర్చుకున్న వివరాలను డాక్టర్లు పరిశీలించారు. 42 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కొక్క డిగ్రీకీ అలాంటి చేరికలు 43 శాతం పెరిగాయి. ప్రసూతి వార్డు భవనంలో పై అంతస్తులో ఉండేది. ఎండ నేరుగా కప్పును కాల్చేది, కప్పు గదిని కాల్చేది. 2010 తరవాత ఆ వార్డును కింది అంతస్తుకు మార్చారు. చేరికలు తగ్గాయి. కొత్త మందు లేదు, యంత్రం లేదు. పిల్లల వైద్యం తెలిసినవాళ్లు భవనం కప్పు వైపు తలెత్తి చూడటమే అక్కడ జరిగింది.

ప్రణాళిక మొత్తంగా ఫలించిందా? 2014, 2015 వేసవులను అంతకుముందు వేసవులతో పోల్చి, ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని 2018లో ఒక బృందం అంచనా వేసింది. దీన్ని కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి. ఆ మధ్యకాలంలో నగరంలో ఇంకెన్నో మారాయి. పరిశోధకులే దాన్ని తొలి మూల్యాంకనం అన్నారు. అయినా దిశ స్పష్టంగానే ఉంది.

మన దగ్గరికి వద్దాం. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. 2015 మే నెలాఖరులో ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో వాయవ్యం నుంచి పొడిగాలులు వీచి, సాయంత్రానికి రావలసిన సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేశాయి. రోహిణీకార్తెకు రోళ్లు పగులుతాయని ఎరిగిన జనమే అయినా తట్టుకోలేకపోయారు. ఇది మనుషులు వాతావరణంలోకి వదిలిన వాయువుల ఫలితమేనా అని కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన మైకేల్ వేనర్ బృందం పరిశీలించింది. వేడి, తేమ కలిపి చూసినప్పుడు అలాంటి రోజులు వచ్చే అవకాశాన్ని మానవ కార్యకలాపాలు బాగా పెంచాయని తేల్చింది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదయ్యాయి. దాన్ని పరిశీలించిన ఇంకో బృందానికి అత్యధిక ఉష్ణోగ్రతల్లో స్పష్టమైన పెరుగుదల దొరకలేదు. మన గాలిలోని కాలుష్య ధూళి ఎండను కొంత అడ్డుకుంటోంది, సాగునీరు పారే పొలాలు పగటి వేడిని కొంత తగ్గిస్తున్నాయి. భూతాపం వాటి వెనక దాక్కుంది. పొలాల నీరు వేడిని తగ్గించినా గాలికి తేమను చేరుస్తుంది కాబట్టి చెమట ఆరే దారి మూసుకుపోతుంది. ఉష్ణమాపకం ఊరట చూపిస్తున్న చోట నాట్లు వేసే కూలికి ఊరట ఉండకపోవచ్చు. వ్యవసాయశాస్త్రం, ధూళికణాల భౌతికశాస్త్రం, శరీరశాస్త్రం కలిస్తే తప్ప ఈ ముడి విప్పలేం. రామగుండంలో కాసే పొడి ఎండకూ మచిలీపట్నంలో పోసే ఉక్కకూ ఒకే హద్దు పెట్టడం సరికాదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

2015 తరవాత రెండు తెలుగు రాష్ట్రాలూ వేడి ప్రణాళికలు రాసుకున్నాయి. ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలంటే చావు వడదెబ్బ వల్లనేనని మండల స్థాయిలో తహసీల్దారు, మెడికల్ ఆఫీసరు, ఎస్సై కలిసి నిర్ధారించే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఎండలో పనిచేస్తూ పడిపోయిన కూలీ మరణం ఆ ముగ్గురికీ కనబడుతుంది. రేకుల ఇంట్లో మంచం మీద, రెండు రాత్రులు నిద్రలేక, మూడో తెల్లవారుజామున పోయిన ముసలమ్మ మరణం వాళ్ల దాకా రాదు. ఆమె ఉండేది మొత్తం మరణాల లెక్కలోనే. కాబట్టి మన జిల్లాల్లో రోజువారీ మరణాల సంఖ్యను ఎండతో సరిచూసే పని ప్రతి వేసవీ జరగాలని నేను గట్టిగా నమ్ముతాను. పుట్టుకలు, చావుల నమోదు మనకు చట్టబద్ధంగా ఉన్నదే.

చావు దాకా రాని నష్టం ఇంకా పెద్దది. మధ్య అమెరికాలో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో, మధుమేహమూ రక్తపోటూ లేని యువకుల కిడ్నీలు పాడవడం చూసి డాక్టర్లు తలపట్టుకున్నారు. తీవ్రమైన ఎండలో నీళ్లు తాగే విరామం కూడా లేకుండా చేసే పని దానికి ముఖ్యమైన కారణమని అక్కడి అధ్యయనాలు చూపాయి. నీరు, నీడ, విరామం పెంచిన చోట కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థలో విద్యా వేణుగోపాల్ బృందం తమిళనాడు ఉప్పు మళ్ల కూలీల్లో అలాంటి జాడలే చూసింది. ఎండలో పనిచేసే గర్భిణుల్లో గర్భం నిలవకపోయే ప్రమాదం రెట్టింపవుతోందని కూడా వాళ్లే చూపారు. ఇది చదివిన తెలుగువాళ్లకు వెంటనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఎన్నో కుటుంబాలను కిడ్నీ జబ్బు పీడిస్తోంది. నీరు, సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఎండపని అన్నీ అనుమానితులే. ఏ ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు. నికరాగ్వా సమాధానాన్ని తెచ్చి ఉద్దానానికి అతికించడం అన్యాయమవుతుంది. అక్కడి ప్రశ్నను తెచ్చుకుని, మన తోటల్లో కూలీ రోజుకు ఎంత వేడి మోస్తున్నాడో కొలవడం మాత్రం చేయవలసిన పని.

ఇక రాత్రి సంగతి. పగలు ఎంత కాలినా రాత్రి చల్లబడితే గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. సిమెంటు, తారు పగటి వేడిని దాచుకుని రాత్రంతా వదులుతాయి. రేకుల ఇంట్లో, శ్లాబు కింది ఒంటిగదిలో అర్ధరాత్రి కూడా గోడ వెచ్చగానే ఉంటుంది. హైదరాబాద్ బస్తీల్లో కొన్ని ఇళ్లకు వేడిని తిప్పికొట్టే తెల్లని పొర పరిచి చూస్తే లోపలి వేడి సుమారు 2 డిగ్రీలు తగ్గింది. అలాంటి పరిశోధనల వెన్నుదన్నుతో 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచడం లక్ష్యం.

2023లోనే సెంటర్ ఫర్ పాలసీ రిసెర్చ్ అనే అధ్యయన సంస్థ దేశంలోని 37 వేడి ప్రణాళికలను చదివి ఒక నివేదిక ఇచ్చింది. తమ దగ్గర ఎవరికి ఎక్కువ ప్రమాదమో సర్వే చేసి చూపినవి రెండే. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మాట్లాడినవి 11. చల్లని కప్పు విషయంలో ఈ డబ్బు ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. తెల్లరంగు దుమ్ముకు మాసిపోతుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. బస్తీలో చాలామంది అద్దెకుంటారు. అద్దెకున్నవాళ్లకు కప్పు మీద హక్కు లేదు, ఇంటి యజమాని ఆ కప్పు కింద పడుకోడు. రంగు వేయించిన యజమాని మరుసటి నెల అద్దె పెంచితే చల్లబడ్డ గదిలోకి వేరే కుటుంబం వస్తుంది, పాతవాళ్లు మరో రేకుల గది వెతుక్కుంటారు. ఏ రంగు ఎంత వేడిని తిప్పికొడుతుందో భౌతికశాస్త్రం ఇప్పటికే చెప్పేసింది. అద్దె ఒప్పందాలు, ఆస్తి పన్ను రాయితీలు, పట్టా లేని ఇళ్ల చట్టం తెలిసినవాళ్లు ఈ పరిశోధనలోకి ఇక రావాలి.